రాడ్డు, రీలుతో పెద్ద రెక్క సూరను పట్టడం ఎలా? నెల్లూరు, ప్రకాశం తీరం నుంచి దూర వేటకు వెళ్ళేవారి కోసం

ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళి, వల లేకుండా ఒంటి గాలంతో యాభై అరవై కిలోల సూరను పట్టాలంటే ఏమి కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి గాలం వేటపై మక్కువ ఉన్నవారు తరచుగా అడుగుతున్నారు. ఏ రాడ్డు కొనాలన్నదే అందరి మొదటి ప్రశ్న. డ్రాగ్ (చేప లాగినప్పుడు రీలు నుంచి దారం జారిపోకుండా పట్టి ఉంచే బిగువు) ఎంత బిగించాలి, ఐసు ఎంత తీసుకువెళ్ళాలి అని అడిగేవారు మాత్రం అరుదు. పెద్ద చేప చేజారేది డ్రాగ్ దగ్గర, చిక్కిన చేప పాడయ్యేది ఐసు దగ్గర. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాను.

మన మత్స్యకారులు సూర అనే పేరుతో పిలిచే చేపల్లో చాలా రకాలున్నాయి. పొట్ట మీద నల్లని చారలు కనిపించేది నామాల సూర. అది సాధారణంగా కొద్ది కిలోలకు మించదు. వీపు మీది రెండో రెక్క, దానికి ఎదురుగా పొట్టవైపు ఉండే రెక్క పసుపు రంగులో కొడవలిలా సాగి ఉంటే అది రెక్క సూర. ఈ వ్యాసం దాని గురించే. అంతర్జాతీయ గాలం వేట సంఘమైన ఐజీఎఫ్ఏ లెక్కలో ఈ చేప ప్రపంచ రికార్డు 193.68 కిలోలు, అది 2012లో మెక్సికోలోని కాబో శాన్ లూకస్ దగ్గర పడింది. అమెరికాలోని శాన్ డియాగో రేవు నుంచి వారం పది రోజులు, ఒక్కోసారి అంతకుమించి సముద్రంలో ఉండే పడవలు ముఖ్యంగా ఈ చేప కోసమే బయలుదేరుతాయి. ఆ పడవల్లో బతికున్న ఎరకు పెద్ద తొట్లు, చేపను చల్లబరిచే ఉప్పునీటి ట్యాంకులు ఉంటాయి. మన రేవుల్లో ఆ సదుపాయాలు దొరకవు కాబట్టి వాటి స్థానంలో మనం చేసుకోగల ఏర్పాట్లను కూడా కింద చెబుతున్నాను. మొదటి వేటకు ముప్పై కిలోల చేపను లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది.

సిద్ధం చేసుకోవలసినవి

- రెండు గేర్లున్న లివర్ డ్రాగ్ రీలు (పక్కనున్న లివరును జరిపి డ్రాగ్ మార్చేది), 30 లేదా 50 సైజుది. దానికి సరిపడే అయిదున్నర, ఆరు అడుగుల పొట్టి రాడ్డు. ఎర విసిరి ఆడించాలనుకునేవారికి 14000 నుంచి 20000 సైజు స్పిన్నింగ్ రీలు.
- 80 పౌండ్ల అల్లిక దారం, కనీసం 500 మీటర్లు.
- 100 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే అల్లిక దారానికి, గాలానికి మధ్య కట్టే మందపాటి దారం. 7/0, 8/0 సర్కిల్ గాలాలు (మొన లోపలికి వంగి ఉండేవి).
- నడుముకు కట్టుకునే బెల్టు, హార్నెస్, తోలు చేతి తొడుగులు.
- యాభై కిలోల వరకు తూచే డిజిటల్ వేలాడే త్రాసు. ధర తక్కువైనా అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.
- పొడవాటి కర్ర కొక్కేలు రెండు, మొనదేలిన కత్తి, ఆహార ఉష్ణోగ్రత కొలిచే సూది థర్మామీటరు.
- ఎర బతికి ఉండడానికి రెండు వందల లీటర్ల గుండ్రటి ప్లాస్టిక్ డ్రమ్ము, 12 వోల్టుల చిన్న పంపు.
- ఐసు. ఎంతో తొమ్మిదో మెట్టులో చూడండి.

1. కాలాన్ని, అనుమతులను ముందుగా చూసుకోండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మర పడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో సరదా వేట పేరుతో కూడా వెళ్ళకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు తీరం పక్కనే ఉత్తరంగా కదిలి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఈ రెండు కాలాలను పక్కన పెడితే జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు సముద్రం తేటగా, కొంత నెమ్మదిగా ఉంటుంది కాబట్టి మొదటిసారి వెళ్ళేవారు ఆ నెలలనే ఎంచుకోవాలి.

చేపల పడవకు లైసెన్సు ఇచ్చేది చేపలు పట్టడానికి. అందులోకి బయటివారిని ఎక్కించుకోవడం వేరే సంగతి. నెల్లూరులో గాని ఒంగోలులో గాని మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్ళి, ఏ పడవలో ఎందరు ఎన్ని రోజులకు వెళ్తున్నదీ చెప్పి అడగండి. అలాగే మెరైన్ పోలీస్ స్టేషన్‌లో పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు ఇవ్వండి. 12 నాటికల్ మైళ్ళు దాటి వేటాడే మర పడవలకు 2025 నవంబరులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాక్సెస్ పాస్ కూడా ఉండాలి. వీలుకాదని ఈ కార్యాలయాల్లో చెప్తే ఆ పడవ ఎక్కకండి. ప్రత్యామ్నాయంగా, గాలం వేటకే లైసెన్సు ఉన్న పడవలు అండమాన్‌లో దొరుకుతాయి. చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి చేరి అక్కడ వేటాడవచ్చు. కింద చెప్పిన ముడులు, డ్రాగ్ లెక్కలు అక్కడ కూడా ఇలాగే ఉంటాయి.

2. పడవకన్నా ముందు సరంగును చూసి ఎంచుకోండి

జువ్వలదిన్నె, కృష్ణపట్నం, కొత్తపట్నం వంటి రేవుల్లో ఎక్కువగా కనిపించేవి ఒంటి ఇంజను ఫైబర్ పడవలు. అవి దగ్గరి వేటకు చక్కనివే గాని, రాత్రి సముద్రంలో ఉండవలసిన దూర వేటకు పనికిరావు. కేబిను, వీహెచ్ఎఫ్ రేడియో, జీపీఎస్, ఆపద సంకేతం పంపే పరికరం ఉన్న మర పడవనే మాట్లాడుకోండి. డీజిలును మూడు వంతులు చేసి ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, మిగిలిన వంతు ముట్టకుండా ఉంచడానికి అని లెక్క వేసుకోవాలి. ప్రతి మనిషికి లైఫ్ జాకెట్ ఉన్నదీ లేనిదీ మీరే స్వయంగా లెక్కపెట్టండి. కోస్ట్ గార్డ్ అత్యవసర ఫోను నంబరు 1554. రేడియోలో 16వ ఛానెల్. ఫోను సిగ్నల్ తీరం దాటిన కొద్ది దూరానికే పోతుంది కాబట్టి ఫోనును నమ్ముకుని వెళ్ళకూడదు.

సరంగుకు, కలాసీలకు బయలుదేరక ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతి తాడుతో వేటాడిన అలవాటు కొద్దీ వాళ్ళు చేప తగలగానే సాయానికి వచ్చి దారం పట్టుకుంటారు. సన్నని అల్లిక దారం పరుగు మీద ఉన్నప్పుడు వేళ్ళను ఎముక దాకా కోస్తుంది. దారాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, చేతికి చుట్టుకోకూడదు.

3. ముడులు ఇంట్లోనే వేసుకుని ఇంట్లోనే పరీక్షించండి

అల్లిక దారానికి, లీడర్‌కు మధ్య ఎఫ్‌జీ ముడి వేయాలి. లీడరు తన మీద తాను మెలిక పడకుండా, అల్లిక దారం మాత్రమే దాని చుట్టూ పట్టు బిగించడం ఈ ముడికి బలం. అల్లిక దారాన్ని రెండు చివర్లా బిగువుగా సాగదీసి పెట్టి, లీడరును దాని మీదుగా ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి తిప్పుతూ నులక మంచం అల్లినట్టు ఇరవై చుట్లు వేయండి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే కూర్చోవాలి. తరువాత రెండు సగం ముడులతో ఆపి, తడిచేసి, చేతి తొడుగులతో పట్టుకుని బలంగా లాగండి.

ఇక్కడ దగ్గరగా చూడవలసినది ఒకటుంది. సరిగా బిగిసిన చోట అల్లిక దారం రంగు ముదురుతుంది, చుట్లు లీడర్ లోపలికి దిగినట్టు కనిపిస్తాయి. రంగు మారని చుట్లు ఉంటే ముడి ఇంకా కూర్చోలేదని అర్థం. అలాంటిది చేప లాగినప్పుడు జారుతుంది. బిగిసిన తరువాతే లీడర్ తోక కత్తిరించి, మరో ఆరేడు సగం ముడులతో ముగించండి.

ఆపైన పరీక్ష. లీడర్ చివరను వరండా స్తంభానికి కట్టి, అల్లిక దారాన్ని ఒక కర్రకు చుట్టి, ఆ కర్రకు త్రాసు తగిలించి నెమ్మదిగా పదిహేను కిలోల వరకు లాగి అర నిమిషం ఆపండి. దారం తెగి వెనక్కి కొడుతుంది కాబట్టి కళ్ళజోడు తప్పనిసరిగా పెట్టుకోవాలి. ముడి వెంట్రుకవాసి జారినా కత్తిరించి మళ్ళీ వేయండి. ఎఫ్‌జీ చేతికి రాకపోతే, లీడర్‌తో కలిసి బిగించిన లూపు కనెక్టరు దుకాణాల్లో తయారుగా దొరుకుతుంది. అది కొంచెం లావుగా ఉన్నా నమ్మదగినది. పడవ ఊగుతుండగా ఈ ముడిని మొదటిసారి వేయడానికి ప్రయత్నించవద్దు.

4. డ్రాగ్‌ను త్రాసుతో కొలిచి పెట్టండి

చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోవడమే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. మన చేతికి గట్టిగా అనిపించేది చాలాసార్లు నాలుగైదు కిలోలకు మించదు. లేదా కంగారులో తిప్పిన లివరు పద్దెనిమిది కిలోలకు పోయి దారాన్ని తెంపుతుంది.

లెక్క సులువు. 80 పౌండ్లంటే సుమారు 36 కిలోలు. చేప తగిలినప్పుడు డ్రాగ్ అందులో నాలుగో వంతు, అంటే 9 కిలోలు. పోరాటంలో మూడో వంతు, అంటే 12 కిలోలు మించకూడదు. దారాన్ని రాడ్డు రింగులన్నిటిలోంచి తీసి చివర త్రాసు కట్టండి. ఒకరు రాడ్డును నలభై అయిదు డిగ్రీల వాలులో పట్టుకోవాలి, మరొకరు త్రాసు పట్టుకుని నడవాలి. దారం కదులుతున్నప్పుడు కనిపించే అంకెనే తీసుకోవాలి. కదలడానికి ముందు క్షణంలో ఆ అంకె మూడు నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తే డ్రాగ్ పలకలు అంటుకుపోతున్నాయని తెలుసుకోండి. అలాంటి రీలును వేటకు తీసుకుపోకుండా శుభ్రం చేయించాలి. 9 కిలోలు, 12 కిలోలు వచ్చిన చోట లివరు పక్కన చెరగని సిరాతో గీతలు పెట్టుకోండి. లివరును పూర్తిగా వెనక్కి తెచ్చినప్పుడు దారం చుట్టిన చక్రం స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే బతికున్న ఎర ఈదలేదు.

చాలామందికి తెలియని విషయం మరొకటి చెప్పాలి. చేప పరుగెత్తి దారం ఖాళీ అవుతున్నకొద్దీ చక్రం మీద దారపు చుట్ట సన్నబడుతుంది, లివరును మీరు ముట్టుకోకపోయినా డ్రాగ్ పెరుగుతుంది. చుట్ట అడ్డుకొలత సగానికి తగ్గితే 9 కిలోల డ్రాగ్ 18 కిలోలవుతుంది. దానికి తోడు నీటిలో సాగిన వందల మీటర్ల దారాన్ని ఈడ్చడానికి మరికొంత బలం పడుతుంది. కాబట్టి చేప దూరం పోతున్నప్పుడు ఆపాలన్న ఆత్రంతో బిగించడం తప్పు. సగం దారం పోయాక లివరును కొద్దిగా వెనక్కి తేవాలి, పడవను చేప వైపు నడిపించాలి.

5. చోటు వెతకడం

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల గురించి ఇచ్చే సూచనలను తెలుగులో కూడా అందిస్తుంది. రేవు పేరు, దిక్కు, దూరం, లోతు అందులో ఉంటాయి. సూర చేపలకు ప్రత్యేక సూచనలు కూడా వస్తాయి. ఉపగ్రహం సముద్రపు వేడిమిని, రంగును చూసి తయారుచేసేవి కాబట్టి మేఘాలు కమ్మిన రోజుల్లో సూచన రాకపోవచ్చు. అదే సంస్థ ఇచ్చే అలల, గాలి అంచనాను బయలుదేరే ముందు రోజూ, ఆ ఉదయమూ చూడండి.

పటంలో రెండు వందల మీటర్ల లోతు గీత, అంటే సుమారు నూటపది బారల నీరు, దాటిన తరువాత వెతకడం మొదలుపెట్టాలి. ఒకే చోట మునకలు వేస్తున్న పక్షులు, తేలుతున్న దుంగలు, నీటి రంగు గీత గీసినట్టు మారిన చోట్లు చూసుకోవాలి. మంద కనిపిస్తే దాని మధ్యలోకి పడవ నడపకండి; అది వెళ్తున్న దిక్కు చూసి, చుట్టు తిరిగి ముందుకు చేరి, ఇంజను తగ్గించి ఆగండి. ఏమీ కనిపించకపోతే కుచ్చు ఎరలను గంటకు పన్నెండు పదిహేను కిలోమీటర్ల వేగంతో ఈడ్చుతూ వెతకవచ్చు.

చెన్నైలోని ఎన్ఐఓటీ సంస్థ బంగాళాఖాతంలో లంగరు వేసిన పసుపుపచ్చ బోయాల కింద సూరలు చేరతాయి. వాటి దగ్గరికి పోకండి. హిందూ మహాసముద్ర సూర చేపల కమిషన్ నియమం ప్రకారం అటువంటి బోయాలకు ఒక నాటికల్ మైలు లోపల వేటాడకూడదు. తుపాను కబురు మనకు ముందుగా అందడంలో ఆ బోయాల పాత్ర ఉంది. వాటికి పడవ కట్టి, తీగలు తెంపి చేసే నష్టం చివరికి మన పాలేల మీదే పడుతుంది.

6. ఎర

బతికున్న కానాగంతకు మించిన ఎర లేదు. తెల్లవారుజామున చిన్న గాలాల దండతో పట్టి, చేత్తో ముట్టకుండా నేరుగా డ్రమ్ములోకి జారవిడవండి. పొలుసు రాలిన చేప గంటలో చస్తుంది. రెండు వందల లీటర్లకు ఇరవై చేపలు మించకూడదు, నీరు గంటకు ఐదారుసార్లు మారాలి. పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయంటే గాలి చాలడం లేదని అర్థం. గాలాన్ని ముక్కు దగ్గరి గట్టి భాగంలో గుచ్చి, డ్రాగ్ వదిలి, చేప తనంతట తాను ఈదేలా వదలండి. బతికున్నవి దొరకకపోతే కవళ్ళను ముక్కలుగా కోసి కొద్దికొద్దిగా నీటిలో వేస్తూ, అదే వేగంతో మునిగేలా గాలం ముక్కను కూడా వదలవచ్చు.

7. చేప తగిలినప్పుడు

సర్కిల్ గాలానికి రాడ్డును ఎగలాగకూడదు. దారం పరుగెత్తడం మొదలయ్యాక మూడు లెక్కపెట్టి, లివరును మొదటి గీతకు తెచ్చి, ఊరికే చుట్టండి. గాలం దవడ మూలలో తనంతట అదే దిగుతుంది. మన అలవాటు ప్రకారం ఒక్క గుంజు గుంజితే ఎర చేప నోటిలోంచి బయటికి వస్తుంది.

మొదటి పరుగును ఆపలేరు, చూస్తూ ఉండాలి. ఆ తరువాత చేప లోతుకు దిగి పడవ కింద గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. అది దూరం వైపు తిరిగినప్పుడు ఊరికే నిలబెట్టండి. తల మీ వైపు తిరిగి పైకి వస్తున్న సగం చుట్టులోనే తక్కువ గేరులో గబగబా రెండు మూడు తిప్పులు సంపాదించండి. రాడ్డును ఆకాశానికి ఎత్తకుండా మోకాళ్ళ వంపుతో, చిన్న చిన్న ఊపులతో పని చేయాలి. దారం పడవ కిందికి పోతుంటే సరంగు పడవను తిప్పాలి. పంఖాకు దారం తగిలితే అంతటితో చేప పోతుంది. గంట దాటిన పోరాటం మంచిది కాదు, ఎందుకంటే చేప వంట్లో వేడి పెరిగి మాంసం పాలిపోతుంది.

8. పడవలోకి తేవడం

కొక్కెం తలలోనే పడాలి. పొట్టలో పడితే మాంసం పాడవుతుంది, చేప తెంపుకుని పోతుంది. రెండో కొక్కెం సిద్ధంగా ఉండాలి. చేప పడవలోకి వచ్చే వరకు రాడ్డు పట్టుకున్నవారు డ్రాగ్ వదులు చేయకూడదు, పడవలోకి వచ్చిన మరుక్షణం వదులు చేయాలి. గాలానికి తిమింగల సొర గాని తాబేలు గాని తగిలితే వెంటనే లీడర్‌ను దగ్గరగా కోసి వదలండి. అవి చట్ట రక్షణ ఉన్న ప్రాణులు.

కాటా లేకపోతే బరువు అంచనాకు ఒక లెక్క ఉంది. ముక్కు నుంచి తోక చీలిక వరకు పొడవును, అన్నిటికన్నా లావైన చోట చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చించి, 28,900తో భాగించండి. పొడవు 150, చుట్టుకొలత 110 అయితే దాదాపు 63 కిలోలు వస్తుంది.

9. రక్తం తీయడం, ఐసు పెట్టడం

ఫోటోలు తరువాత తీసుకోవచ్చు. ముందు రెండు కళ్ళ మధ్య కొద్దిగా పైన మెత్తగా తగిలే చోట మొనదేలిన ఇనుప కడ్డీని దించి చేపను వెంటనే చంపాలి. కొట్టుకుంటున్నంతసేపూ వేడి పెరుగుతుంది. పక్క రెక్కను ఒంటికి ఆనించి చూస్తే అది కూర్చునే గుంట కనపడుతుంది. రెక్క మొదలుకు మూడు వేళ్ళ వెడల్పు వెనుక, ఆ గుంటలో, రెండు వైపులా నిలువుగా రెండంగుళాల గాటు పెట్టండి. సరైన లోతులో రక్తనాళం తెగితే రక్తం ధారగా వస్తుంది. ఊరికే చెమరిస్తే కత్తి ఇంకొంచెం లోపలికి పోవాలి. మొప్పల లోపలి పొరను కూడా కోసి, సముద్రపు నీటి గొట్టం పెట్టి పది నిమిషాలు వదలండి. తరువాత మొప్పలు, పేగులు తీసివేయండి.

ఐసు లెక్కలో పిసినారితనం పనికిరాదు. అరవై కిలోల చేపను ముప్పై డిగ్రీల నుంచి సున్నాకు దించడానికే సుమారు ఇరవై కిలోల ఐసు కరిగిపోతుంది. ఎండకు, పెట్టె గోడలకు పోయేది అదనం. ఒకరోజు వేటకు చేప బరువుకు సమానంగా, రెండు రోజులు దాటితే దానికి రెట్టింపు తీసుకువెళ్ళండి. దిమ్మలను ఫ్యాక్టరీలోనే పొడి చేయించండి. రెండు వంతుల ఐసు పొడికి ఒక వంతు సముద్రపు నీరు కలిపిన చిక్కటి జావలో చేప మునిగి ఉండాలి. నీరు కలపని ఐసు మీద పరిస్తే తగిలిన వైపు మాత్రమే చల్లబడుతుంది. చేప పెట్టెలో పట్టకపోతే మందపాటి టార్పాలిన్‌తో సంచి కుట్టించి పైన గోనెలు కప్పండి. పొట్టలో, మొప్పల గూటిలో ఐసు కూరండి.

మర్నాడు ఉదయం థర్మామీటరు సూదిని వీపు లావైన చోట వెన్నెముక దాకా దించి చూడండి. 4 డిగ్రీలకు పైన ఉంటే ఐసు చాలలేదు, ఇంకా కలపాలి. సూర చేప వేడిలో ఉంటే దానిలో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. అది వాసనకు తెలియకపోవచ్చు, పులుసు ఎంత మరిగించినా పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. అప్పుడు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గంటల తరబడి ఎండలో ఉన్న చేపను బంధువులకు పంచకండి, పారవేయండి.

మాంసం కోసినప్పుడు ముదురు ఎరుపుతో నిగనిగలాడితే మీ పని సరిగా జరిగినట్టు. వెన్నెముక చుట్టూ ఉడికినట్టు తెల్లగా, పొడిపొడిగా ఉంటే చేప చల్లబడడం ఆలస్యమైంది. రక్తపు మరకలు కనిపిస్తే గాటు సరిగా పడలేదు.

10. ఒడ్డుకు వచ్చాక

రీలును డ్రాగ్ బిగించి, మంచినీటితో పైపైన తడిపి, గుడ్డతో తుడవండి. నీటిని బలంగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరిన తరువాత లివరును పూర్తిగా వదులు చేసి దాచాలి, లేకపోతే పలకలు అతుక్కుపోతాయి. చివరి ఇరవై మీటర్ల దారాన్ని వేళ్ళ మధ్య జారవిడిచి, గరుకు తగిలిన చోట వరకు కత్తిరించండి. లీడర్‌ను చూడకుండానే పారవేసి, తరువాతి వేటకు కొత్తది కట్టి, మళ్ళీ త్రాసు మీద పరీక్షించండి.